మంచుకు మాడిన మా గన్నేరు: నా అనుభవం

మేము ఉండేది అమెరికాలోని టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో. 2021 ఫిబ్రవరి చలికి మా ఇంటి ముందున్న రెండు గన్నేరు చెట్లూ మాడిపోయాయి. ఒకటి తిరిగి లేచింది, ఒకటి లేవలేదు. ఆ ఫిబ్రవరి నుంచి అదే ఏడాది అక్టోబరు దాకా ఏం జరిగిందో, ఎంత ఖర్చయిందో వరసగా రాస్తున్నాను. ఏప్రిల్‌లో నేను ఇలాంటి సమాచారం కోసం వెతికితే దొరికినవన్నీ ‘ఓపిక పట్టండి’ అనే సలహాలే. ఎన్నాళ్లు పట్టాలో, పట్టినన్నాళ్లూ ఆ చెట్టు ఎలా ఉంటుందో చెప్పినవాళ్లు లేరు.

2016లో ఇల్లు కొన్న ఏడాదే ఆ రెండు మొక్కలనూ ఒక్కొక్కటి 28 డాలర్లకు నర్సరీ నుంచి తెచ్చాము. ఎర్ర గన్నేరు, చీటీ మీద ‘హార్డీ రెడ్’ అని రాసి ఉంది. మామూలు గన్నేరు కంటే చలికి కాస్త ఓర్చుకునే రకమన్నమాట. ఒకటి గుమ్మానికి వెళ్లే బాట పక్కన నాటాము. రెండోది ఇంటి మూల, పైకప్పు నీళ్లు గొట్టంలోంచి దిగే చోట. ఐదేళ్లలో రెండూ నా తలకు మించి ఎదిగాయి. మా అత్తగారు 2020 ఫిబ్రవరిలో వచ్చి, కరోనా వల్ల గడువు పొడిగించుకుంటూ ఇక్కడే ఉండిపోయారు. రోజూ పొద్దున స్నానం కాగానే ఆ పూలు కోసి శివుడికి పెట్టేవారు. ఆవిడది కర్నూలు వైపు. ఆవిడ లెక్కలో గన్నేరంటే చావు లేని చెట్టు. పశువులు ముట్టవు, నీళ్లు పోసేవాడు ఉండడు, హైవే డివైడరు మీద లారీల పొగలో నిలబడి మే నెల ఎండకు పూస్తుంది. దాన్ని చలి ఏం చేస్తుందిలే అన్నది ఆవిడ ధీమా.

ఫిబ్రవరి 14, ఆదివారం మంచు మొదలైంది. తెల్లారేలోపే కరెంటు పోయింది. 16వ తేదీ పొద్దున డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్ నమోదైంది. 1949 తర్వాత ఇక్కడ అంత చలి లేదు. ముందురోజు రెండు చెట్లకూ పాత దుప్పట్లు చుట్టి బట్టల క్లిప్పులు పెట్టాను. అందులో ఒకటి రాత్రి గాలికి ఎగిరి పక్కింటివాళ్ల కంచె మీద పడింది. వెళ్లి తెచ్చే స్థితిలో ఎవరూ లేరు. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో, ఉన్న స్వెట్టర్లన్నీ వేసుకుని, గొట్టాలు పగలకుండా కొళాయిలు సన్నగా వదిలి కూర్చున్నాము. గ్యాసు పొయ్యి ఉండబట్టి టీ అయినా దొరికింది.

దుప్పటి సంగతి ముందే చెప్పేస్తాను. అది నేలలోంచి వచ్చే కొద్దిపాటి వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు కిందికి దిగే రాత్రి అది చాలు. మైనస్ 19కి ఏ దుప్పటీ ఆగదు. మొదళ్ల చుట్టూ పేరుకున్న నాలుగైదు అంగుళాల మంచే నేలను మరీ గడ్డకట్టకుండా కాపాడిందని తర్వాత తెలిసింది. నేను మాత్రం మంచు కరగ్గానే చీపురు పట్టుకుని వెళ్లి మొదళ్ల దగ్గర మిగిలింది ఊడ్చేయబోయాను. మా ఆయన పిలిచి పక్కింటి పైకప్పులోంచి నీళ్లు కారుతున్నాయని చెప్పడంతో అది అక్కడే ఆగిపోయింది.

మంచు పోయాక చూస్తే ఆకులు పచ్చగానే ఉన్నాయి. అమ్మయ్య అనుకున్నాను. దగ్గరికి వెళ్తే అది మామూలు పచ్చదనం కాదు, ఉడికించిన తోటకూర రంగు. పట్టుకుంటే ఆకు మెత్తగా, తడిగా ఉంది. వారం పది రోజుల్లో రెండు చెట్లూ మొత్తంగా ఎండుగడ్డి రంగుకు తిరిగాయి. ఆశ్చర్యమేమిటంటే ఒక్క ఆకూ రాలలేదు. ఆకు రాలాలన్నా చెట్టులో ప్రాణం ఉండాలట. తొడిమ దగ్గర చెట్టే ఒక పొర కట్టుకుని ఆకును వదిలేస్తుంది. ఆ పని మొదలు పెట్టేలోపే కణాలన్నీ చచ్చిపోతే ఆకు ఎండి కొమ్మకే వేలాడుతుంది. గాలి వీచినప్పుడల్లా కాగితాలు నలిపినట్టు చప్పుడు. మార్చి అంతా కిటికీ తీస్తే అదే వినిపించేది.

ఆ రోజుల్లో చెట్టు పోయిందని బాధపడుతున్నానని బయట ఎవరికీ చెప్పలేకపోయాను. మా వీధిలోనే మూడు ఇళ్లలో గొట్టాలు పగిలి గోడలు తీయించుకుంటున్నారు. అలాంటప్పుడు గన్నేరు చెట్టు గురించి మాట్లాడితే ఏం బాగుంటుంది? మార్చి 11న శివరాత్రి వచ్చింది. అత్తగారు దుకాణంలో కొన్న గులాబీలతో పూజ చేసి, ఆ సాయంత్రం బాటలో నిలబడి చెట్టును చాలాసేపు చూశారు. “మొదట్లో ప్రాణం ఉంటుందమ్మాయ్, తొందరపడి పీకించకు” అన్నారు. నేను సరేనన్నానే గానీ నాకు నమ్మకం లేదు.

గోటితో బెరడు గీకి చూసే పరీక్ష అప్పుడే మొదలు పెట్టాను. కొమ్మ మీద పైపొరను బియ్యపుగింజంత మేర గీకితే, లోపల పచ్చగా తడిగా ఉంటే బతికున్నట్టు, గోధుమ రంగులో పొడిగా ఉంటే పోయినట్టు. గన్నేరులో ఇంకో గుర్తు కూడా ఉంది. బతికున్న చోట గీకితే జిగురు అంటుకుంటుంది. కొమ్మల చివర్లు పటపటా విరిగిపోయాయి. నడుము ఎత్తులో గోధుమ రంగు. నేలకు ఒక అడుగు ఎత్తులో మాత్రం రెండు చెట్లలోనూ లేత పచ్చ, వేలికి జిగురు. ఎగిరి గంతేశాను. జిగురు అంటిన వేళ్లను సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను కూడా. గన్నేరులో ఆకు, పువ్వు, కాండం, వేరు అన్నీ విషమే, గుండె మీద పనిచేసే విషం. చిన్న పిల్లలున్న ఇళ్లలో ఈ పరీక్ష వాళ్ల ముందు చేయకండి. చూసి వాళ్లూ గీకుతారు.

మార్చి నెలాఖరుకు వీధిలో చెట్లు పీకే సందడి మొదలైంది. పచ్చిక కత్తిరించే మనిషి వచ్చి రెండు గన్నేర్లనూ ఒకసారి చూసి, రెండూ పోయాయి, తీసి కొత్తవి నాటడానికి 480 డాలర్లవుతుంది, ఈ వారం ఒప్పుకుంటే 430కి చేస్తానన్నాడు. గీకి చూపించమంటే చేయి కూడా పెట్టలేదు. అందరికీ ఒకేసారి చెట్లు పోయిన ఏడాది అది, అతని లెక్క అతనిది. ఆ వసంతంలో నర్సరీలకు వెళ్తే బల్లలు సగం ఖాళీ. కొత్త గన్నేరు ఎప్పుడొస్తుందో వాళ్లూ చెప్పలేకపోయారు. ఆ 430 డాలర్ల మొక్కలు అతను ఎక్కడి నుంచి తెచ్చేవాడో నాకు ఇప్పటికీ అనుమానమే.

ఇక్కడ చాలా కౌంటీల్లో (మన జిల్లాల లాంటివి) టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం విస్తరణ విభాగం శిక్షణ ఇచ్చిన మాస్టర్ గార్డెనర్లనే స్వచ్ఛంద కార్యకర్తలుంటారు. రుసుము లేదు. ఫోటోలతో ఈమెయిల్ పంపాను. వాళ్లకూ ఆ నెలలో ఉత్తరాల వెల్లువే కాబట్టి జవాబుకు వారం పైనే పట్టింది. చివరికి వచ్చిన జవాబు నాలుగు ముక్కల్లో ఉంది. ఇప్పుడే కత్తిరించవద్దు. ఎరువు వేయవద్దు. రెండంగుళాల లోతున మట్టి పొడిగా ఉంటేనే నీళ్లు పోయండి. జూన్ దాకా చూసి అప్పుడు నిర్ణయించుకోండి. ఎరువు, నీళ్ల సంగతి నేను ఊహించనిది. చెట్టు నీరసించింది కదా, కాస్త బలం పెడదామని నా చేతులు దురద పెడుతున్నాయి. ఆకే లేని చెట్టు నీళ్లు పెద్దగా తాగదు. మా నేల నల్లరేగడి లాంటి జిగట మట్టి, వేసవిలో నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే వారం దాకా ఆరదు. పోసిన నీళ్లు అక్కడే నిలిచి వేళ్లు కుళ్లిపోతాయి.

ఏప్రిల్ మొదటి వారంలో రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి. మార్చిలో పచ్చగా కనిపించిన చోటే మళ్లీ గీకితే గోధుమ రంగు. అదే కొమ్మ, అదే ఎత్తు, పాత గీత పక్కనే. జిగురు లేదు. కొన్ని కాండాల మీద బెరడు నిలువునా చీలి అంచులు పైకి లేచాయి. చలికి లోపల దెబ్బతిన్న చెట్టు ఆ దెబ్బ బయటపెట్టడానికి వారాలు తీసుకుంటుందట. మార్చిలో కనిపించిన పచ్చదనం చెట్టు ఇంకా ఓడిపోతున్నప్పటిది. ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ గంతు వేసేదాన్ని కాదు. కిందికి కిందికి గీకుతూ పోతే రెండు చెట్లలోనూ నేల మట్టం వరకు అంతా గోధుమ రంగే.

రెండో దెబ్బ ఇళ్ల యజమానుల సంఘం నుంచి వచ్చింది. ఇక్కడ అందరూ హెచ్‌ఓఏ అంటారు. కారులో వీధంతా తిరిగి ఫోటోలు తీసుకుని, ఇంటి ముందు చచ్చిన మొక్కలున్నాయి, 30 రోజుల్లో తీసేయాలి, లేకపోతే జరిమానా అని ఉత్తరం పంపారు. రాష్ట్రమంతా మంచుకు మాడిన ఏడాది! ఎంత మండిందో చెప్పలేను. అత్తగారైతే “మన చెట్టు మనింట్లో ఉంటే వాళ్లకేం?” అని మా ఆయన్ని నిలదీశారు. నేను మాస్టర్ గార్డెనర్ల జవాబును జతచేసి, జూన్ 15 దాకా గడువు కావాలని ఈమెయిల్ రాశాను. కోపమంతా తీసేసి రాయడానికి రెండు రాత్రులు పట్టింది. మే 31 దాకా ఇచ్చారు. మీకూ ఇలాంటి ఉత్తరం వస్తే ఫోనులో వాదించకండి. రాతపూర్వకంగా, తేదీ వేసి, నిపుణుల మాట జతచేసి అడగండి. వాళ్లకు కావలసింది ఫైలులో పెట్టుకోవడానికి ఒక కాగితం.

ఏప్రిల్ 13న ఉగాది. వేపపువ్వు ఫ్రిజ్‌లో దాచిన పాత పొట్లంలోది. మామిడాకులు ఇండియన్ కొట్లో. ఏప్రిల్ మూడో వారంలో మళ్లీ చలిగాలి తిరిగితే రాత్రి బయటికి వెళ్లి ఆ ఎండు మోళ్ల చుట్టూ దుప్పటి కప్పాను. మా ఆయన నవ్వారు. చచ్చినదానికి జలుబు చేస్తుందా అని.

అసలు సంగతి మే మొదటి ఆదివారం బయటపడింది. బాట పక్కనున్న చెట్టు మొదట్లో కలుపు తీస్తున్నాను. పై మట్టి రెండంగుళాలు వేళ్లతో పక్కకు జరిపాను. కాండం నేలలోకి దిగే చోట, నల్లటి బెరడు మధ్య, కందిగింజంత లేత గులాబీ రంగు బుడిపెలు. ఒకటి గోటితో తాకితే గట్టిగా, నిండుగా ఉంది. ఆ పక్కనే ఇంకొకటి అప్పటికే పచ్చబడి కొనతేలింది. మట్టి మళ్లీ పల్చగా కప్పేసి అత్తగారిని పిలిచాను. ఆవిడ వంగి చూసి ఏమీ అనలేదు, లోపలికి వెళ్లి నీళ్ల చెంబు పట్టుకొచ్చారు. నీళ్లు పోయవద్దన్నారు అత్తయ్యా అని ఆపడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆ మే నెలంతా ఎటూ వానలు పడుతూనే ఉన్నాయి. వారానికి చిగుళ్లు నేలపైకి వచ్చాయి, కణుపుకు మూడేసి ఆకులతో. గన్నేరు ఆకులు అలా మూడు మూడుగా వస్తాయని ఇన్నేళ్లలో నేను గమనించనేలేదు.

చిగుళ్ల పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీసి సంఘానికి పంపాను. రెండు వారాల తర్వాత ఒక్క వాక్యంలో జవాబు: బాట పక్కన చెట్టు మీద ఫిర్యాదు మూసివేశాము. మూలనున్నదాని గడువు మాత్రం మారలేదు. దానికి మరో ఉత్తరం రాసి జూన్ నెలాఖరు దాకా తెచ్చుకున్నాను.

పాత కొమ్మలన్నీ అప్పుడు కోశాము. నేలకు నాలుగంగుళాల ఎత్తున మోళ్లు వదిలి మిగతాదంతా తీసేశాము. కొత్త చిగుళ్లు ఎక్కడున్నాయో ఆ మోళ్లే గుర్తు. కోసేటప్పుడు నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోండి. ఎండిన గన్నేరుకు విషం పోదు. మా వెనకింటాయన మంచి మనసుతోనే, కట్టెలు బాగా ఎండాయి, నిప్పుల గుండంలో వేసుకుంటానని అడిగాడు. ఆ పొగ కూడా విషమని చెప్పేసరికి రెండడుగులు వెనక్కి వేశాడు. మా ఊళ్లో చెత్త బండివాళ్లు కొమ్మలను నాలుగడుగుల ముక్కలుగా కోసి కట్టలు కడితేనే తీసుకుంటారు. కోత కంటే ఆ కట్టలు కట్టడమే పెద్ద పని. చేతి రంపం, పొడవాటి పిడుల కత్తెర కలిపి 47 డాలర్లు. తొడుగులు 11. ఖర్చు అంటే ఇదే, ఇంకో 16 డాలర్లు మొదట్లో పరిచే చెక్క పొట్టుకు.

జూన్‌లో పెరుగుదల చూస్తే కళ్లు తిరిగాయి. పెద్ద వేళ్ల బలమంతా పాతదే, పైన మాత్రం పిల్ల మొక్క. పాతిక దాకా కొమ్మలు ఒకేసారి లేచాయి. అన్నీ ఉంచితే గాలి ఆడదు, సన్నగా సాగి పడిపోతాయి. బలమైనవి ఎనిమిది ఉంచి మిగతావి మొదట్లోనే తుంచేశాను. అత్తగారు తుంచిన ప్రతి కొమ్మకూ అయ్యో అన్నారు. ఎరువు అప్పుడు వేశాను, అదీ సంచీ మీద రాసినదానిలో సగమే. జూలైలో చిగుళ్ల చివర్లు పసుపు రంగుకు తిరిగితే తెగులనుకుని గుండె ఆగినంత పనయింది. కళ్లజోడు పెట్టుకుని చూస్తే పసుపు ఒళ్లు, నల్ల కాళ్ల పేనుబంక. గన్నేరు మీద వాలే జాతి అది, లేత కొమ్మలంటే దానికి ప్రాణం. మందు కొనలేదు. గొట్టంతో నీళ్లు గట్టిగా కొట్టి కడిగేస్తే పోయాయి, మళ్లీ వచ్చాయి, మళ్లీ కడిగాను. ఆగస్టుకు తగ్గాయి.

గన్నేరు ఆ ఏడాది పెరిగిన కొమ్మల చివరే పూస్తుంది కాబట్టి కొంచెం ఆశ ఉండేది. సెప్టెంబరు రెండో వారంలో, వినాయక చవితి దాటాక, రెండు కొమ్మల చివర మొగ్గలు విచ్చుకున్నాయి. మునుపటి గుత్తుల్లో సగం కూడా లేవు. అత్తగారు మొదటి పూలు కోయలేదు, చెట్టునే ఉండనివ్వమన్నారు. ఆ తర్వాతవి కోశారు.

ఇక మూలనున్న చెట్టు. జూన్ ఆఖరి దాకా రెండు వారాలకోసారి మట్టి జరిపి చూశాను. బుడిపెలు లేవు, బెరడు చేత్తో లాగితే చర్మంలా ఊడి వచ్చింది, లోపల పుల్లటి వాసన. తవ్వించడానికి ఒక కుర్రవాడికి 60 డాలర్లు ఇచ్చాము. వేళ్లు నల్లగా మెత్తబడి ఉన్నాయి. రెండూ ఒకే రోజు ఒకే నర్సరీలో కొన్నవి, ఒకే చలి తిన్నవి. తేడా ఏమిటంటే అది పైకప్పు గొట్టం కింద ఉంది. కరిగిన మంచు నీళ్లు, మే వానలు అన్నీ ఆ జిగట మట్టిలోనే దిగబడ్డాయి. చలి సగం చంపితే నీళ్లు మిగతా సగం చంపాయని నా అభిప్రాయం.

అక్కడ మళ్లీ గన్నేరు నాటలేదు. ముందు 14 డాలర్లు పెట్టి గొట్టం చివరను నాలుగడుగులు పొడిగించి నీళ్లను పచ్చిక వైపు మళ్లించాము. తర్వాత యోపాన్ హాలీ నాటాను. అది ఈ నేలలోనే పుట్టిన పొద, తడికి తట్టుకుంటుంది, ఫిబ్రవరి చలికి మా వీధిలో దాని ఆకు కూడా కదలలేదు. అత్తగారు ఆ అక్టోబరు మొదట్లో కర్నూలు వెళ్లిపోయారు. పూజకు ఒక్క పువ్వూ ఇవ్వని చెట్టును ఇంటి ముందు ఎవరు నాటుతారని ఫోనులో ఇంకా దెప్పుతూనే ఉన్నారు.